గంజి పెట్టిన పరీక్ష

వకుళ మేడమ్‌కు ఒక అలవాటు ఉంది. సూక్ష్మజీవుల గురించి "ఎందుకు" అని అడిగిన పిల్లలకు కుర్చీ వేసి, టీ పోయించి, బోర్డు నిండా బొమ్మలు గీసి మరీ చెబుతుంది. మనుషుల గురించి "ఎందుకు" అని అడిగితే మాత్రం చెప్పదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "కంట్రోల్ పెట్టావా?" అని ఒక్క మాట అడిగి ఊరుకుంటుంది. ఆ తర్వాత ఎప్పుడో ఏదో ఒకటి జరుగుతుంది. అడిగిన పిల్ల దాన్ని కళ్ళారా చూస్తుంది. జవాబు అందులో ఉంటే ఉంటుంది.

వకుళ మా అక్క కూతురు. అరవై దాటాక నా చేత అక్షరాలు దిద్దించింది కూడా తనే. యూనివర్సిటీలో తనకు మధ్యాహ్నం క్యారియరు పట్టుకెళ్ళి, అది ఖాళీ అయ్యేదాకా ల్యాబులో ఓ మూల కూర్చోవడం నాకు మామూలు. అందుచేత ఇక్కడ రాసింది చాలామటుకు నేను చూసిందే.

ముందు ఆ కంట్రోల్ సంగతి చెప్పాలి. ఒక గాజు సీసాలో కోడి ఈక వేసి, దాన్ని తినే పురుగును వదులుతారు. వాళ్ళు బ్యాక్టీరియా అంటారు, నాకు పురుగనే వస్తుంది. పక్కనే ఇంకో సీసాలో ఈక ఒక్కటే వేస్తారు, పురుగును వేయరు. రెండింటినీ ఒకే వేడిలో, ఒకే యంత్రం మీద ఊపుతారు. మొదటి దాంట్లో ఈక కరిగి, రెండో దాంట్లో కరగకుండా ఉంటేనే అది పురుగు చేసిన పని అని ఒప్పుకుంటారు. రెండింట్లోనూ కరిగిందంటే పురుగు గొప్పేమీ లేదన్నమాట, వేడికో నీళ్ళకో కరిగి ఉంటుంది. ఆ పురుగు లేని రెండో సీసానే కంట్రోల్. వినడానికి ఎంత చిన్న సంగతి! దాన్ని పెట్టడం మరిచిపోయి ఏడాది పనిని పారబోసుకున్న పిల్లలున్నారని వకుళ చెబితే నేను నమ్మలేకపోయాను.

ఈ కథలో అడిగిన పిల్ల పేరు దివిజ. ఎమ్మెస్సీ చివరి ఏడాది. వాళ్ళ ఊరు చుట్టూ కోళ్ళ ఫారాలేనట. ఫారాల వెనక గుట్టలుగా పోసిన ఈకలు ఎండకూ వానకూ కుళ్ళక, గాలికి లేచి ఇళ్ళమీద పడుతుంటే చూస్తూ పెరిగిన పిల్ల. ఈకను కరిగించే పురుగు డిపార్టుమెంటులో ఎప్పటినుంచో ఉంది. అడిగిన పాత విద్యార్థులకల్లా వకుళ దాన్ని ఇచ్చింది. కానీ అది బద్ధకపు పురుగు. ఒక ఈకను కరిగించడానికి వారాలు తీసుకునేది. దాన్ని హుషారు చేసే మేత ఏమిటో దివిజ కనిపెట్టింది: నువ్వుల తెలగపిండి. చారెడు తెలగపిండి నీళ్ళలో కలిపి పెడితే రెండు రోజుల్లో ఈక మాయం. పురుగు అందరిదీ, మేత మాత్రం దివిజది.

ఆ ఏడాది పూర్వ విద్యార్థుల సంఘం వాళ్ళు ఒక కొత్త పద్ధతి పెట్టారు. చదువు ముగించుకోబోతున్న ఒక్కొక్కరికీ, ఎప్పుడో చదివి వెళ్ళి ఉద్యోగాల్లో స్థిరపడ్డ ఒక్కొక్కరిని జత చేశారు. ఆ పెద్దను మెంటర్ అనాలట. హాస్టల్లో పిల్లలు మాత్రం "ఏమే, నీ మెంటల్ ఫోన్ చేశాడా?" అని ఏడిపించుకునేవాళ్ళు. దివిజకు జతపడింది రత్నరాజు అనే ఆయన. హైదరాబాదులో, తోళ్ళ శుద్ధికి పనికొచ్చే సరుకులు తయారుచేసే కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఈకను కరిగించే పురుగు తోలు మీది వెంట్రుకను కూడా ఊడదీస్తుందట. అతనూ ఒకప్పుడు వకుళ శిష్యుడే.

సంక్రాంతి సెలవులు అయిపోయిన కొత్తలో ఒక మధ్యాహ్నం దివిజ ల్యాబులోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగింది.

"మేడమ్, రత్నరాజు గారు నాకు సాయం ఎందుకు చేస్తున్నారు?"

"ఏం చేశాడు?"

"ఏమీ చేయలేదు మేడమ్, అదే నా భయం. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తారు. ఇంటర్వ్యూలో ఏమడుగుతారో చెబుతారు. నా బయోడేటా దగ్గరుండి తిరగరాయించారు. వాళ్ళ దగ్గర ట్రెయినీ పోస్టు ఒకటి వస్తోందట, నా పేరు చెబుతానన్నారు. నేను ఆయనకు చుట్టాన్నా, పక్కానా? ఎవరైనా ఊరికే ఇంత చేస్తారా?"

"ఊరికే అని అతనన్నాడా?"

"అనలేదు. మీకేం లాభమండీ అని నేనే అడిగేశాను. 'లాభం లేకపోవడమేంటమ్మా, మా దగ్గర పని తెలిసినవాళ్ళు లేక చస్తున్నాను, నువ్వొస్తే సాయంత్రం పూట ఇంటికెళ్ళి పిల్లల మొహం చూస్తాను' అని నవ్వారు."

"చెప్పాడుగా మరి."

"అంత తేలిగ్గా చెప్పేసేవాణ్ణి ఎలా నమ్మడం మేడమ్? ఇప్పుడేమో నా పనంతా రాసి పంపమంటున్నారు. కుదిరినవీ, కుదరనివీ. ముఖ్యంగా కుదరనివి పంపమంటున్నారు. కుదరనివి ఆయనకెందుకు? ఫలానా మేత పనికిరాలేదు, ఫలానాది పనికిరాలేదు అని వరసగా చెప్పుకుంటూ పోతే, పనికొచ్చింది ఏదో తెలివైనవాడికి తెలిసిపోదా?"

ఆ మాట నాకూ సబబుగానే తోచింది. ఆ పిల్లకు ముందొకసారి దెబ్బ తగిలి ఉంది. డిగ్రీలో ఉండగా ఒక సీనియరు, ఏదీ చూద్దామని తన చార్టు పట్టుకెళ్ళి, విజయవాడ పోటీలో తన పేరు పెట్టుకుని బహుమతి తెచ్చుకున్నాడు. పైగా వేదిక మీద, "దివిజ కూడా కొంచెం సాయం చేసింది" అన్నాడట. ఆ 'కొంచెం' అన్న మాట ఆ పిల్లకు ఇంకా గొంతులో అడ్డం పడి ఉంది. ఈసారి పోగొట్టుకోవడానికి అంతకన్నా పెద్దదే ఉంది. పరీక్షలయ్యేలోగా ల్యాబు ఉద్యోగం దొరక్కపోతే, వాళ్ళన్న మాట్లాడి పెట్టిన మందుల షాపు కౌంటర్లో కూర్చోవాలి. కూర్చుంటే మళ్ళీ ల్యాబు మొహం చూసేది లేదని ఆ పిల్లకు తెలుసు.

వకుళ కళ్ళజోడు తుడుచుకుంటూ, "కంట్రోల్ పెట్టావా?" అంది. అని, అన్నం కలుపుకోవడం మొదలుపెట్టింది.

దివిజ ఆ మాటను తనకు కావలసినట్టు అర్థం చేసుకుంది. మేడమ్ ఆయన్ని పరీక్షించమంటున్నదని అనుకుంది. సరేనని ఆలోచించి ఒక వల పన్నింది. తన పనంతా రాసి రత్నరాజుకు పంపింది. కుదరనివన్నీ నిజంగానే రాసింది. కుదిరిన చోట మాత్రం తెలగపిండి తీసేసి గంజి అని రాసింది. ఈకను కరిగించే పురుగుకు గంజి పెడితే ఏమవుతుందో వాళ్ళ పుస్తకాల్లో మొదటి పాఠాల్లోనే ఉంటుందట. కడుపు నిండా గంజి తాగిన పురుగు ఈక జోలికి పోదు. సుఖంగా దొరికేది వదిలి ఎవరు కష్టపడతారు? కాబట్టి చదువుకున్నవాడెవడూ గంజి మాట నమ్మడు, ఆశపడి కాజేసేవాడొక్కడే ముందూ వెనకా చూడకుండా ప్రయత్నిస్తాడు అని దివిజ లెక్క. గంజి మాట ఎక్కడైనా బయటపడిందా, దొంగ దొరికినట్టే.

వల వేశాక ఆ పిల్ల కళ్ళు చూడాలి. ఆదివారం ఫోన్ మోగితే స్పీకరు పెట్టి, పక్కనున్నవాళ్ళను సాక్ష్యానికి కూర్చోబెట్టుకునేది. ఆయన "బాగున్నావా అమ్మా" అంటే, ఆ బాగున్నావాలో ఏముందోనని వెతికేది. ఒక ఆదివారం ఆయన పని సంగతి ఎత్తనే లేదట. దాంతో అనుమానం ఇంకా గట్టిపడింది. "చూశారా అమ్మమ్మ గారూ, మాట దాటేస్తున్నాడు" అంది నాతో. చూశాను మరి. అనుమానం పెట్టుకుని చూస్తే నాకూ అలాగే కనిపించింది.

ఫిబ్రవరిలో తబస్సుమ్ ఫోన్ చేసింది. తబస్సుమ్ అంటే హాస్టల్లో దివిజకు ఒక ఏడాది సీనియరు, ఆ కంపెనీలోనే పనిచేస్తోంది. "ఒసేయ్, మీ మెంటల్ సారుకు ఏమైందే? పని వేళయ్యాక ల్యాబులో కూర్చుని గంజి కాస్తున్నాడు. ఫ్లోరంతా అన్నం వాసన. ఈయన క్యాంటీన్ పెడుతున్నాడా ఏంటని అందరూ ఒకటే నవ్వులు. ఎవరైనా అడిగితే చెప్పడు, సీసా అటు తిప్పేస్తాడు."

దివిజ మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది. "దొరికాడు మేడమ్!" అని, వల సంగతీ గంజి సంగతీ ఊపిరాడకుండా చెప్పేసింది. వకుళ అంతా విన్నది. ఆ పిల్ల ఆయాసం తగ్గేదాకా ఆగి అడిగింది.

"అతను దొంగైతే ఏం చేస్తాడు?"

"గంజి కాస్తాడు."

"నీ మాట నమ్మినవాడైతే?"

దివిజ చూపు ఊపే యంత్రం మీదికి పోయింది.

"రెండు సీసాల్లోనూ ఈక కరిగితే ఏం రాస్తావమ్మాయ్?"

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. అయినా తగ్గలేదు. "నమ్మినవాడైతే నాకు చెప్పి కాయొచ్చు కదా మేడమ్. చాటుగా ఎందుకు? సీసా ఎందుకు తిప్పేయడం?"

"అదీ నిజమే" అంది వకుళ.

"వచ్చే శనివారం పూర్వ విద్యార్థుల సభ ఉంది. ఆయనా వస్తున్నారు. అందరి ముందూ అడిగేస్తాను."

"అడుగు. అతను శుక్రవారమే వస్తాడు. ముందు నా ల్యాబులో ఒకసారి కాయనిచ్చి, పక్కనుండి చూసి, ఆపైన అడుగు. ఈలోగా నేను అతనికేమీ చెప్పను. నువ్వు చెబితే చెప్పు."

శుక్రవారం సాయంత్రం రత్నరాజు వచ్చాడు. భుజానికి సంచీ, ముందు వైపు పల్చబడ్డ జుట్టు, మాసిన చొక్కా. రైలు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. వకుళ పాదాలు తాకబోతే, "చాల్లే, ఏరా రత్నం, గంజి కాస్తున్నావట?" అంది ఆమె.

అతను ఉలిక్కిపడ్డాడు. "ఎవరు చెప్పారు మేడమ్? ఎవరికీ తెలియకూడదనే అనుకున్నానే" అన్నాడు.

దివిజ నా వైపు చూసింది. విన్నారా, అన్నట్టు.

"ఎందుకు తెలియకూడదురా?"

"సిగ్గు మేడమ్." అతను సంచీ కింద పెట్టి, తల గోక్కున్నాడు. "ఈ అమ్మాయి గంజితో చేసిందని మా కంపెనీ పెద్దాయనకు చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వాడు. గంజితో ఈకలా, ఎవరి దగ్గర చదివావయ్యా నువ్వు అన్నాడు. ఆ మాటకు ఒళ్ళు మండింది. చేసి చూపిస్తాను, అప్పుడు పిల్లను తీసుకుంటారా అన్నాను. సరేనన్నాడు. చేస్తే ఏముంది, నాకు రావట్లేదు. సీసాలు పట్టుకుని ఎన్నాళ్ళయిందో, ఫైళ్ళు పట్టుకుని పట్టుకుని చెయ్యి పోయినట్టుంది."

"గంజితో రాకూడదని పుస్తకంలోనే ఉందిగా. అనుమానం రాలేదా?"

"పుస్తకం రాసినాయన దివిజ సీసా చూడలేదుగా మేడమ్."

"మరి తననే అడగకపోయావా?"

"అడిగితే, తన పని మీద తనకే అనుమానం పుడుతుంది. ఈ వయసులో ఒకసారి పుడితే వదలదు. అదెందుకు, నా చెయ్యే సరిచేసుకుందామనుకున్నాను." అంతలోనే దివిజ వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వే ఎదురుగా ఉన్నావు కాబట్టి బతికిపోయాను. నేను చేస్తుంటే చూసి, తప్పెక్కడో చెప్పమ్మా. సోమవారం పొద్దున పేర్లు ఖాయం చేస్తారు" అన్నాడు.

దివిజ తల ఊపింది. అప్పటికప్పుడు చెప్పేస్తుందనుకున్నాను నేను. చెప్పలేదు. నమ్మకం కుదరలేదో, భయం వేసిందో. ఇదంతా మన ముందు ఆడుతున్న నాటకమేమోనన్న చూపు ఆ కళ్ళల్లో ఇంకా ఉంది.

ఆయన చొక్కా చేతులు మడిచి గంజి కాచాడు. ఎంత శ్రద్ధగా కాచాడనుకున్నారు! నేను ఇన్నేళ్ళు వండాను, గంజి వైపు ఎప్పుడూ అలా చూడలేదు. మీగడ కట్టకుండా తిప్పుతూ, గుడ్డలో వడగట్టి, సీసాల్లో పోసి, ఈకలు వేసి, పురుగును వదిలి, మూతులకు దూది పెట్టాడు. ప్రతి పనికీ దివిజ ముఖం వైపు చూసేవాడు, సరిగ్గా చేస్తున్నానా అన్నట్టు. ఆ పిల్ల బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "చిక్కగా ఉందా?" అని ఆయన అడిగితే, "బాగానే ఉంది సార్" అంది. ఆ నాలుగు సీసాలూ యంత్రంలో ఊగడం మొదలుపెట్టాయి.

శనివారం సభలో రత్నరాజు కుదురుగా కూర్చోలేదు. దివిజను వెంటబెట్టుకుని కుర్చీల మధ్య తిరుగుతూ, కనిపించినవాళ్ళకల్లా చెప్పాడు. "మా అమ్మాయి. గంజితో ఈకను కరిగించింది. పుస్తకాలు మార్చాల్సిందే మనం." ఒకాయన, "గంజితోనా?" అని నొసలు ముడిచాడు. "నేనూ మొదట అలాగే అనుకున్నానండీ" అన్నాడు రత్నరాజు గొప్పగా. అందరి ముందూ నిలదీస్తానన్న పిల్ల అందరి ముందూ తల వంచుకుని, నమస్కారాలు పెడుతూ నడిచింది. భోజనాల దగ్గర అన్నం కెలుకుతూ కూర్చుంది. "తినమ్మా" అంటే, "మీరు చెప్పేయకూడదా అమ్మమ్మ గారూ" అంది మెల్లగా. నేనేం చెబుతాను? చెప్పాల్సింది నాది కాదు.

ఆదివారం పొద్దున సీసాలు బయటికి తీశారు. నాలుగింట్లోనూ ఈకలు ఎలా వేసినవి అలాగే ఉన్నాయి. కాడలు సహా తెల్లగా తేలుతున్నాయి. రత్నరాజు ఒక సీసాను వెలుగుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"మళ్ళీ అంతే. నా చేతిలోనే ఏదో ఉంది." సీసా దించి, దివిజ వైపు తిరిగాడు. "మొహమాటపడకు. పక్కనే ఉన్నావుగా, ఎక్కడ తప్పాను? బియ్యం పాతవా? వేడి మీదే పోసేశానా?"

ఎంత తేలికైన దారి! బియ్యం పాతవేమో సార్ అంటే అయిపోయేది. లోపలికి వెళ్ళి తెలగపిండితో ఇంకో సీసా పెట్టుకొచ్చి, చూడండి నేను చేస్తే ఎలా వచ్చిందో అంటే, ఆ మంచివాడు చప్పట్లు కొట్టి ఉండేవాడు. ఉద్యోగం చేతికి వచ్చేది. దివిజ పెదవులు కదిలాయి. ఆ మాట నోటి దాకా వచ్చిందని నాకు అర్థమైంది. వకుళ కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తోంది, ఇటు తిరగనే లేదు.

"మీ చెయ్యి కాదు సార్" అంది దివిజ. "గంజి అబద్ధం."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. "అంటే?"

"నేను వాడింది గంజి కాదు, తెలగపిండి. మీరు... మీరు కాజేస్తారేమోనని కావాలనే మార్చి రాశాను."

రత్నరాజు చేతిలోని సీసాను నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. అతను అరుస్తాడేమోనని చూశాను. అరిచినా బాగుండేది.

"పెద్దాయన అంతలా నవ్వినప్పుడు కూడా నేను మీ వైపే ఉన్నానండీ" అన్నాడు.

అప్పటిదాకా నువ్వు, అమ్మా అన్న మనిషి మీరు, అండీ అన్నాడు. ఆ అండీ దగ్గర దివిజకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి. "సార్, నన్ను ముందొకరు..." అని ఏదో చెప్పబోయి, చెప్పినా అది సంజాయిషీలాగే ఉంటుందనిపించిందో ఏమో, ఆగిపోయింది.

"తెలగపిండి నిజమేనా?" అని అడిగాడు ఆయన.

"నిజమే సార్."

"ఎలా నమ్మమంటారు?"

ఇన్నాళ్ళూ దివిజ ఆయన గురించి అడిగిన ప్రశ్న అది. ఎదుటివాళ్ళ నోటి నుంచి వస్తే ఎలా ఉంటుందో ఇప్పుడే వింటోంది. కన్నీళ్ళు తుడుచుకుని, "నేను పెడతాను, మీరు చూడండి" అంది.

"చూస్తాను" అన్నాడు ఆయన. ఆ మాటలో కరుణేమీ లేదు.

చూశాడు. ఎలా చూశాడని! తెలగపిండి డబ్బా తెరిపించి వాసన చూశాడు, చిటికెడు నోట్లో వేసుకున్నాడు. ఈకలు తనే ఏరి ఇచ్చాడు. పురుగు లేని సీసా కూడా పక్కనే తన చేత్తో పెట్టాడు. మూతుల మీద కాగితం అతికించి సంతకాలు చేశాడు. దివిజ చేయి ఎటు కదిలితే ఆయన కళ్ళు అటు కదిలాయి. దొంగను పట్టుకున్న పోలీసు కూడా అంతలా కాపలా కాయడు. ఆ పిల్ల ఒక్కసారి కూడా తల ఎత్తలేదు, విసుక్కోలేదు.

సీసాలు యంత్రంలోకి వెళ్ళాక ఆయన ఫోన్ తీసి, వరండాలో నిలబడి తన పెద్దాయనతో మాట్లాడాడు. తలుపు తెరిచే ఉంది, మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. "గంజి తప్పండీ. అవును, మీరు నవ్వింది సరైనదే. లేదు, అమ్మాయి పేరు రాయకండి. కొట్టేయనూ కొట్టేయకండి. మంగళవారం దాకా ఆగండి, నేను చూసి చెబుతాను... లేదండీ, ఇంకా ఏమీ చెప్పలేను, తెలియదు."

సాయంత్రం నాలుగింటికి ఆయన రైలు. మూడైంది, ఆయన కదల్లేదు. నాలుగైంది. యంత్రం గాజు తలుపు ముందుకు ఒక స్టూలు లాక్కుని కూర్చుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, లోపల ఊగుతున్న సీసాలను చూస్తున్నాడు. మధ్యలో ఒకసారి, "మూత మీద కాగితం సరిగ్గానే ఉందా?" అని లేచి వంగి చూసి, మళ్ళీ కూర్చున్నాడు. దివిజ టీ తెచ్చి ఇస్తే పుచ్చుకున్నాడు. థాంక్స్ అన్నాడు, అంతే.

దివిజ ఖాళీ గ్లాసు పట్టుకుని, నేనూ వకుళా కూర్చున్న పక్క గదిలోకి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. వకుళ పక్కన నిలబడి, గాజు తలుపు ముందున్న ఆ వీపు వైపు చూస్తూ అడిగింది.

"ఉద్యోగం పోతే పోనివ్వండి మేడమ్. ఆయన ఇక నన్ను నమ్మరు కదూ? అడుగడుగునా అనుమానమే."

వకుళ కూడా అటే చూసింది.

"అనుమానమే. కానీ స్టూలు లాక్కుని కూర్చున్నాడు, చూశావా?" అంది.